షుగర్ ఉన్న ఇంటికి రేషన్ బియ్యం తగ్గించి జొన్నలు ఇవ్వాలా?

హుజూర్‌నగర్ పంతులు:
2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం మొదలుపెట్టింది మా ఊళ్లోనే. మనిషికి ఆరు కిలోలు. సంతోషమే. కానీ మా వీధిలో చూస్తున్నది చెప్పాలి. డీలర్ దగ్గర్నుంచి బియ్యం సంచి వచ్చిన వారంలోనే అదే గడపకి ఆశా అక్క షుగర్ గోలీలు తెచ్చిస్తోంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. పట్నాల్లో నూటికి 16.4 మంది, పల్లెల్లో 8.9. పల్లెలే నయం అనుకుంటాం. కానీ షుగర్ అంచుకు వచ్చినవాళ్లు పట్నంలో 15.4 అయితే పల్లెలో 15.2. రేపటి వంతు మనదే. అందుకే షుగర్ ఉన్న ఇంటికి మనిషికి రెండు కిలోల బియ్యం తగ్గించి జొన్నలు ఇవ్వాలంటాను. మీరేమంటారు?

కూలోళ్ల బిడ్డ:
సార్, మీ బాధ అర్థమైంది గానీ మా బియ్యం జోలికి రాకండి. 1983ల రెండు రూపాయల బియ్యం రాకముందు మా అమ్మోళ్లింట్ల అన్నమంటే పండుగనాడే. మిగతా దినాలు గట్క, అంబలి. నిన్నమొన్నటిదాక దొడ్డుబియ్యం తిన్నం. సన్నబియ్యం ఇప్పుడిప్పుడే కంచంల పడ్డయి. అప్పుడే తగ్గిస్తమంటే ఎట్ల?
ఇంకోటి, రొట్టె ఎవరు చెయ్యాలె? పొద్దున ఏడింటికి నాటుకు పోవాలె. అన్నమైతే కూర అయ్యేలోపు ఉడుకుతది. జొన్నలు గిర్నీకి పట్టిచ్చి, ఎసరు పోసి పిండి పిసికి, ఒక్కొక్కటి కొట్టి కాల్చాలె. ఐదుగురికి పది రొట్టెలు చేసే ఆడమనిషిని అడిగినంకనే ఈ మాట చెప్పండి.

తాండూరు రైతు:
మా ఇంట్లో జొన్నరొట్టె ఇప్పటికీ రోజూ ఉంటుంది. అయినా మా నాయనకు షుగరే. జొన్నలోనూ ఉండేది పిండిపదార్థమే, నాలుగు రొట్టెలు తింటే షుగర్ పెరగక ఏమవుతుంది? 2025లో ఆ ఐసీఎంఆర్ సర్వే వాళ్లే తిండి లెక్కలు బయటపెట్టారు. మన దేశంలో ఒంటికి అందే శక్తిలో 62 శాతం పిండిపదార్థాలదే. పాలిష్ బియ్యం మానేసి అంతే మోతాదులో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తిన్నా ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. పిండిపదార్థం కొంచెం తగ్గించి ఆ మేరకు పప్పో పాలో తినేవాళ్లలో ముప్పు తక్కువగా కనిపించింది. కాబట్టి సార్, మీరు అడగాల్సింది జొన్నలు కాదు, కందిపప్పు. మా తాండూరు కందికి 2022లో జీఐ, అంటే ఈ నేల పంటేనన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది, గర్వంగానే ఉంది. కానీ ఆ కంది కోసే కూలీల ఇళ్లలో పప్పు నీళ్లలా ఉంటుంది. అది నన్ను బాధపెడుతుంది.

సబ్‌సెంటర్ ఏఎన్ఎం:
అందరూ కంచం దగ్గరే ఆగిపోయారు. 30 దాటిన ప్రతి ఒక్కరికీ మేం వేలు గుచ్చి చూస్తాం. షుగర్ ఉందని కనిపెట్టడం కష్టం కాదు, మనిషిని మందు మీద నిలబెట్టడం కష్టం. పరగడుపున 120 వచ్చిందంటే చాలు, నయమైందని గోలీ మానేస్తారు. గోలీల వల్లే కిడ్నీలు పోతాయని ఇంకొకరు ఫోన్‌లో వీడియో చూపిస్తారు. అదుపు తప్పిన షుగరే కిడ్నీలను తింటుందని ఎన్ని గడపల్లో చెప్పానో.
నాట్లు మొదలైతే నాకు భయం. పాదాల్లో స్పర్శ పోయినవాళ్లు ఉత్త కాళ్లతో బురదలో దిగుతారు. ముల్లు దిగినా తెలియదు. నిరుడు ఒక పెద్దమ్మ అరికాలి పుండుకి పసుపు పెట్టుకుని పన్నెండు రోజులు ఇంట్లోనే ఉండిపోయింది. నేను చూసేసరికి బొటనవేలు నల్లబడింది. రెండు వేళ్లు తీసేశారు. ఇంటికొచ్చి రిజిస్టర్ తిరగేశాను. ఆమె పేరుకెదురుగా ప్రతి నెలా 'గోలీలు ఇచ్చాం' అని నా చేతిరాతే. పాదం చూశామా అని రాసే గడి అందులో లేదు. ఆ రాత్రే స్కేలు పెట్టి నేనే ఒక గడి గీసుకున్నాను. అప్పట్నుంచి కాలు చూడకుండా గోలీల షీటు చేతిలో పెట్టడం లేదు.

హుజూర్‌నగర్ పంతులు:
అక్కా, ఇది చదివి లేచి వెళ్లి మా నాన్న పాదాలు చూశాను. ఎడమ మడమలో పగులు, లోపల చీము. ఆయనకు నొప్పే తెలియడం లేదు. పొద్దున్నే దవాఖానకు తీసుకెళ్తున్నా.
జొన్నల మాట వెనక్కి తీసుకుంటున్నా. తాండూరు అన్న చెప్పిందే సబబు. 2013లో అమ్మహస్తం రేషన్ పథకం కింద 185 రూపాయలకు 9 సరుకులు ఇచ్చినప్పుడు కందిపప్పు కూడా ఉంది. ఒకసారి ఇచ్చినదే కాబట్టి మళ్లీ అడగొచ్చు. వచ్చే గ్రామసభకు అర్జీ రాస్తాను: రేషన్‌లో కందిపప్పు, షుగర్ రిజిస్టర్‌లో పాదం గడి.

కూలోళ్ల బిడ్డ:
అట్లయితే నేనూ మా అమ్మా సంతకం పెడతం. బియ్యంతో పాటు అని రాయండి సార్, బియ్యానికి బదులు అని రాయకండి.
నర్సమ్మా, మా అమ్మ కూడా కాళ్లు తిమ్మిర్లు అంటది. నాట్లకు పోకుంటే గడవది. ఏం చెయ్యాలె?

సబ్‌సెంటర్ ఏఎన్ఎం:
ముందు ఈ వారమే పాదాలు చూపించండి తల్లీ, తిమ్మిర్లను ఆలస్యం చేయొద్దు. మేస్త్రిని అడిగి గట్టు మీద నారు అందించే పనిలో పెట్టించండి. తప్పక దిగాలంటే రబ్బరు బూట్లు వేయించండి, వేసేముందు లోపల రాయో ముల్లో ఉందేమో చేత్తో తడిమి చూడండి. సాయంత్రం కాళ్లు కడిగి వేళ్ల సందులు పొడిగా తుడవాలి. వేడినీళ్లయితే మీ అమ్మను కాలు పెట్టి చూడమనకండి. మీ మోచెయ్యి ముంచి చూడండి.