యానాది కాలనీలో పిలకాయలకి టీకాలు మధ్యలోనే ఆగిపోతున్నాయి, ఏం చేస్తే వస్తారు?

తీరం_నర్సు:
అందరికీ నమస్తే. నేను నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, అంటే క్లినిక్ చూసుకునే నర్సు) చేస్తున్నా, జాయినయ్యి ఎక్కువ కాలం కాలేదు, సొంతూరు ఒంగోలు. మా పరిధిలో మిగతా ఊళ్లన్నిట్లో టీకాలు బాగానే నడుస్తున్నాయి, ఒక్క ఎస్టీ కాలనీ దగ్గరే ఆగిపోతోంది. అందరూ యానాదులే, రొయ్యల గుంటల మీద కాపలా, కాలవల్లో చేపలు, ఎండ్రకాయలు, అదే బతుకు. కాన్పులు ఎక్కువ ఆస్పత్రిలోనే కాబట్టి పుట్టగానే వేసే బీసీజీ, హెపటైటిస్ బీ, పోలియో చుక్కలు పడిపోతున్నాయి. ఆరు వారాలకి వేసే పెంటా (ఐదు జబ్బులకి కలిపి ఒకే టీకా) కూడా చాలామందికి వేశాం. పదో వారం, పద్నాలుగో వారం వచ్చేసరికి ఇళ్లకి తడికలు అడ్డం పెట్టి ఉంటాయి, మనుషులు ఉండరు. తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) సంగతి ఇంక చెప్పక్కర్లేదు.

బుధవారం సెషన్ పెడతాం, ఆశా అక్క పొద్దున్నే పోయి పిలుస్తుంది, "వస్తాం పో అమ్మా" అంటారు, రారు. అట్లాగని మాకొద్దు అని మొహం మీద చెప్పినవాళ్లు నాకు ఇంతవరకు ఒక్కరు కూడా కనపడలేదు. మీటింగులో అడిగితే "వాళ్లకి మూఢనమ్మకాలమ్మా, అవేర్‌నెస్ పెంచండి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఫ్లెక్సీ కట్టాం, అది చదివేదెవరో నాకైతే తెలీదు. ఇట్లాంటి చోట్ల పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే మీరేం చేశారో చెప్పండి, థియరీ మాత్రం వద్దు ప్లీజ్.

పాత_ఏఎన్ఎం_కావలి:
అమ్మాయ్, మొహం మీద వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరని నువ్వే రాశావు కదా, మరి ఇంక మూఢనమ్మకం యాడుంది ఇందులో. నీ సెషన్ ఎన్నింటికి? పదింటికి మొదలుపెట్టి మూడు నాలుగింటికి ముగిస్తావు, అంతేగా. ఆ టైముకి ఆ కాలనీలో ఉండేది ముసలోళ్లూ కోళ్లూ. గుంటలో పట్టుబడి ఉందంటే తెల్లవారుజామున చీకట్లోనే పోతారు, ఆడోళ్లు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రమే, చంటిబిడ్డని కూడా చంకనేసుకుని పోతారు. నువ్వు దీపాలు పెట్టే వేళకి పో. లేకపోతే ఆదివారం పో. మీ డాక్టరు గారితో చెప్పి మైక్రోప్లాన్‌లోనే (ఏ రోజు ఎక్కడ టీకాలో రాసుకునే ప్లాన్) ఆ కాలనీ వరకు టైము మార్పించుకో, నోటిమాటగా చేస్తే వ్యాక్సిన్ తెచ్చే అబ్బాయి రాడు, టీకాల క్యారియర్ తిరిగి పెట్టడానికి పీహెచ్‌సీలో తాళం తీసేవాళ్లుండరు, రెండో వారానికే ఆగిపోద్ది. ఐస్ ప్యాకులు నాలుగూ సరిగ్గా పెట్టుకుని పో. బీసీజీ, ఎంఆర్ మాత్రం కాలనీకి చేరి బిడ్డ ఎదురుగా ఉన్నాకే పొడిలో ద్రవం కలుపు, కలిపిన తర్వాత 4 గంటలే వాడాలి, అది నీకు తెలిసిందే.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి పెంటాకి వచ్చినామె రెండోదానికి ఎందుకు రాలేదంటావ్? ఆ రాత్రి బిడ్డకి జొరం వచ్చింది గనక. పెంటాలో డీపీటీ (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం టీకా) ఉంటది, రోజో రెండ్రోజులో ఒళ్లు వెచ్చబడటం, తొడ గట్టిపడటం మామూలే, మనకి మామూలు, ఆమెకి కాదు. ఆ రాత్రంతా బిడ్డ ఏడుస్తుంటే మొగుడు "బాగుండే బిడ్డకి సూది ఎందుకేపిచ్చావే" అంటాడు, తెల్లారి పనికి పోలేదు, కూలి పోయింది, పైగా గుంట ఓనరు అరుస్తాడు. ఈసారి నీ స్కూటీ చప్పుడు వినపడితే తడిక అడ్డం పెట్టక ఏం చేస్తది?

అందుకని సూది వెయ్యకముందే చెప్పాలి, ఇదిగో అమ్మా రాత్రికి జొరం వస్తది, మందు ఒంట్లో పనిచేస్తోందని గుర్తు, భయపడొద్దు అని. వేశాక చెప్తే సాకు చెప్పినట్టు ఉంటది. పారాసిటమాల్ చేతిలో పెట్టు, బిడ్డ బరువుకి ఎంతో డాక్టర్ని అడిగి, ఆ మూతలోనో డ్రాపర్ మీదో గీత గీసి చూపించు, చీటీ రాసి "మెడికల్ షాపులో కొనుక్కో" అనమాక. తెల్లారి మళ్లీ ఆ కాలనీకి పో. టీకా ఏం వెయ్యొద్దు, రిజిస్టర్ కూడా తియ్యొద్దు, బిడ్డ ఎట్లా ఉండాడు అని అడిగి తొడ తడిమి చూసి వచ్చెయ్. ఆ తెల్లారి పోకపోతే పదో వారం డోసు మర్చిపో. నా సర్వీసులో నేను గట్టిగా నమ్మింది ఇదొక్కటే, మిగతా ట్రైనింగులన్నీ టీలు బిస్కెట్లు.

కాలనీ_కుర్రోడు:
నేను యానాదోణ్ణే, నెల్లూరులో డిగ్రీ చదువుతున్నా. పైన అమ్మ చెప్పింది నూటికి నూరు కరెక్టు, కానీ ఇంకో రెండు విషయాలు ఉండాయి, అవి ఆఫీసుల్లో ఎవరూ మాట్లాడరు.

ఒకటి, అడ్వాన్సు. పెళ్లికో చావుకో గుంట ఓనరు దగ్గర డబ్బు తీసుకుని ఉంటారు, అది తీరేదాకా మనిషి ఆయన చేతిలో ఉన్నట్టే, గుంట గట్టు మీదే గుడిసె, గట్టు మీదే కాపురం. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది, ఆ కాగితం గుంట గట్టు దాకా రాలా. అట్లాంటి ఇంటికి పోయి "రేపు సెషన్‌కి తప్పకుండా రావాలి" అంటే ఆమె రాగలదా? ఆమెకి చెప్పడం కాదు మేడం, ఓనరుకి చెప్పండి. లేదంటే మీరే గట్టు మీదకి పోండి. ఇంజెక్షన్ యాడైనా వెయ్యొచ్చు కదా, అంగన్‌వాడీలోనే వెయ్యాలని ఏం లేదుగా.

రెండోది జీపు. బ్రిటిషోళ్లు మా వాళ్లని కూడా నేరస్త జాతుల లిస్టులో పెట్టారు, ఆ చట్టం 1952లో పోయింది, కానీ యాడ దొంగతనం జరిగినా ముందు మా కాలనీకి రావడం మాత్రం పోలేదు. తెల్ల జీపైనా నీలం జీపైనా మా తాతకి ఒకటే. కోవిడ్ టైములో మా పక్క కాలనీకి వ్యాక్సిన్ అని చెప్పి అన్ని డిపార్టుమెంట్లోళ్లూ కలిసి జీపులేసుకుని దిగారు, మొగోళ్లందరూ కాలవ దాటి పారిపోయారు, తర్వాత మాత్రం "యానాదోళ్లు టీకాకి భయపడ్డారు" అని చెప్పుకున్నారు. భయపడింది టీకాకి కాదు.

ఆ మూఢనమ్మకం మాట కూడా ఒకటి అడుగుతా. 2021 మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన కోవిడ్ మందు కోసం కార్లేసుకుని వచ్చి కిలోమీటర్ల పొడుగునా నిలబడ్డది మా వాళ్లా? వాళ్లని ఎవరైనా మూఢనమ్మకం అన్నారా? సరే వదిలేయండి.

ఏం చెయ్యాలో అడిగారు కాబట్టి చెప్తున్నా. మీ ఆశా పెద్దూరావిడ అయ్యుంటది, వాకిట్లో నిలబడి కేకేసి పోతది, ఇంట్లోకి రాదు, చెంబుడు నీళ్లు తాగదు. మాకు అర్థం కాదనుకుంటారు గానీ మాకు బో బాగా అర్థమవుద్ది. కాలనీలో పదో తరగతి దాకా చదివిన ఆడపిల్ల ఎవరైనా ఉంటే ఆమెని వెంటబెట్టుకోండి, వీలైతే తర్వాత ఆశా పోస్టుకి ఆమె పేరే పంపించండి. కాన్పులు చేసిన ముసలావిడ ఒకామె ప్రతి కాలనీలో ఉంటది, ముందు ఆమె దగ్గర కూర్చోండి, ఆమె సరే అంటే కోడళ్లు వస్తారు. సూది వేసేటప్పుడు ఫోన్ తీసి ఫోటోలు కొట్టి గ్రూపుల్లో పెట్టే పని ఆపేయండి, ప్లీజ్.

సింపుల్_సొల్యూషన్:
ఇంత కథ ఎందుకండీ. టీకా కార్డు చూపిస్తేనే రేషన్ బియ్యం అనండి, వారంలో అందరూ లైన్లో ఉంటారు. వాళ్ల మంచికేగా.

మార్కాపురం_మాస్టారు:
సింపుల్ గారూ, బియ్యం ఆపితే వారంలో లైన్లో ఉంటారు నిజమే, ఆ తర్వాత నెలలో బియ్యం కూడా వదిలేసి అడవిలోకి పోతారు, మీకు లెక్కలో పేరు కూడా దొరకదు. నేను దోర్నాల వైపు ఆశ్రమ పాఠశాలల్లో చాలా ఏళ్లు చేశాను, చెంచు పిల్లల్ని నాకు కొంచెం తెలుసు.

బలవంతం ఎక్కడికి పోతుందో మన తెలుగు గడ్డ మీదే జరిగింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం అవీ కలిపి మూడు మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు, పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి. దాదాపు 14 వేల మంది, అందులో హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు బాగా ఉన్నారు. చాలా ఫారాల మీద తల్లిదండ్రుల సంతకం లేదు, హాస్టల్ వార్డెన్లే పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులు టీకా వల్లే అని విచారణలో తేలలేదు, కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ అనుమతులు తీసుకున్న పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయి ఉండొచ్చు, అమ్మానాన్నల్ని అడగకుండా వెయ్యడం వల్ల ఏమైందంటే "హాస్టల్లో సూది వేస్తారట" అన్న మాట నల్లమల దాకా వచ్చి, ఇంకేదో మామూలు టీకాకి కూడా మా దగ్గర తండ్రులు వచ్చి పిల్లల్ని ఇంటికి తీసుకుపోయేవాళ్లు. పోగొట్టుకోడానికి ఒక సంతకం చాలు, మళ్లీ తెచ్చుకోడానికి ఎన్నేళ్లు పట్టిందో మాకు తెలుసు.

నర్సమ్మగారూ, మా వైపు ఇబ్బంది మీకంటే వేరు. పాలుట్ల లాంటి గూడేలు లోపల అడవిలో ఉన్నాయి, వాన పడితే దారి ఉండదు, అదంతా పులుల అభయారణ్యం కాబట్టి వేళలూ చూసుకోవాలి. తేనె కాలంలో గూడెం ఖాళీ. ఈ సంగతి తెలిసిన ఏఎన్ఎంలు తేనె తీసుకుని జీసీసీకి (గిరిజన సహకార సంస్థ) అమ్మడానికి, సంతకి ఎప్పుడు బయటికొస్తారో కనుక్కుని అక్కడే బాక్సు పెట్టుకుని కూర్చునేవాళ్లు. గూడెం పెద్దమనిషి మాట కూడా నడుస్తుంది, అయితే ఆయన్ని పిలిపించుకోకుండా మనమే ఆయన దగ్గరికి పోవాలి. చెంచులు పీవీటీజీ (బాగా వెనకబడిన గిరిజన తెగలు) లిస్టులో ఉన్నారు కాబట్టి, ఆ తెగల కోసం 2023 నవంబర్‌లో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ కింద రోడ్లు, మొబైల్ మెడికల్ యూనిట్లు అంటూ కొంత వస్తోంది. యానాదులు ఆ లిస్టులో లేరు, నెల్లూరు జిల్లాలో 2011 లెక్కల ప్రకారం పదిమందిలో ఇంచుమించు ఒకరు గిరిజనులు, అయినా ఊరి పక్కనే ఉంటారు కాబట్టి మారుమూల అని ఎవరికీ అనిపించదు. నన్నడిగితే కాలవ అవతలి కాలనీ కూడా మారుమూలే.

తుల్సాలో_నెల్లూరోడు:
మాస్టారూ బాగా చెప్పారు. నేను ఉండేది అమెరికాలో ఓక్లహోమాలో, మా పక్కనే చెరోకీ నేషన్, అంటే అక్కడి ఆదివాసీ తెగ. 2020 డిసెంబర్‌లో కోవిడ్ టీకా వచ్చినప్పుడు ఎవరికి ముందు వెయ్యాలో వాళ్ల తెగ ప్రభుత్వమే నిర్ణయించుకుంది, హెల్త్ స్టాఫ్‌తో పాటు చెరోకీ భాష ధారాళంగా మాట్లాడే పెద్దవాళ్లని ముందు వరసలో పెట్టారు. అట్లా మాట్లాడేవాళ్లు రెండు వేల మంది దాకే మిగిలారు కాబట్టి వాళ్లు పోతే భాషే పోతుంది అన్న లెక్క. ఆ ఒక్క పనితో టీకా గవర్నమెంటుది కాకుండా వాళ్లదైపోయింది. నవాహో అనే ఇంకో తెగ వాళ్లు కూడా 2020లో కోవిడ్‌తో ఘోరంగా దెబ్బతిన్నారు, టీకా వచ్చాక మాత్రం దేశం సగటు కంటే ముందున్నారు, రేడియోలో వాళ్ల భాషలోనే చెప్పుకున్నారు, ఇళ్లకి వాళ్ల మనుషులే పోయారు. వాళ్లకి సొంత ప్రభుత్వం, సొంత ఆస్పత్రులు ఉన్నాయి, మన కాలనీలకి అవి లేవు, ఆ తేడా తెలుసు. ముందు ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ అనేది కాలనీ వాళ్లనే అడగడానికి మాత్రం బడ్జెట్ అక్కర్లేదుగా.

తీరం_నర్సు:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. తమ్ముడూ, ఫోటోల సంగతి నేను మీటింగులో అడుగుతా, అవి పైనుంచి అడుగుతున్నారు, చూద్దాం. సాయంత్రం సెషన్‌కి డాక్టర్ గారు ఒప్పుకున్నారు, ఒక గంట ముందే క్లినిక్ మూసుకోమన్నారు.

అమ్మా (కావలి), రెండు డౌట్లు. ఒక బాబుకి పదకొండు నెలలు నిండాయి, పుట్టినప్పటివి తప్ప ఏమీ పడలేదు, ఇప్పుడెట్లా? రెండోది, రెండు కుటుంబాలు బాతుల మేపుకి పోయాయి, కోతలైన పొలాల వెంబడి ఊరూరూ తిరుగుతారంట, ఎప్పుడొస్తారో తెలీదు. వాళ్ల కార్డు తడిసిపోయింది, ఆధార్ కూడా లేదు.

పాత_ఏఎన్ఎం_కావలి:
పదకొండు నెలలంటే ఇంకా టైముంది, ఈ వారమే మొదలుపెట్టు. ఏడాది నిండకముందు మొదటి డోసు పడితే పెంటా, రోటా (విరేచనాలకి), పీసీవీ (న్యుమోనియాకి) వరస సాగించొచ్చు, నిండిపోతే పెంటా బదులు డీపీటీ కిందకి పోతాడు. తొమ్మిది నెలలు దాటాడు కాబట్టి ఎంఆర్ కూడా అదే రోజు, వేరే చోట. అన్నీ ఒకే రోజు వెయ్యొచ్చు, వాళ్లమ్మకి మాత్రం ముందే చెప్పు, లేకపోతే అన్ని సూదులు చూసి బిడ్డని ఎత్తుకుని పోద్ది. పెంటా, రోటా మిగతా డోసులు కనీసం నాలుగు వారాల తేడాతో. మధ్యలో ఆలస్యమైతే మళ్లీ మొదట్నుంచి వెయ్యక్కర్లేదు, ఆపిన చోటు నుంచే. ఇది చాలామంది కొత్త పిల్లలకి తెలీక "మొత్తం వేస్ట్ అయిపోయింది" అని తల్లులతో అనేస్తారు, ఆ మాట విన్నామె మళ్లీ ఎందుకొస్తది.

బాతులోళ్ల సంగతి, వాళ్లు ఇల్లు చూసుకోడానికి మధ్యమధ్యలో ఒకడు వస్తా ఉంటాడు, ముసలావిడని అడిగి వాడి ఫోన్ నంబర్ పట్టుకో. ఎక్కడుండారో తెలిస్తే ఆ ఊరి ఏఎన్ఎంకి ఫోన్ చెయ్, బిడ్డ పేరు, తల్లి పేరు, ఏ డోసు బాకీనో చెప్పు. పోర్టల్లో ఎక్కించి ఉంటే ఆమెకి కనపడద్ది కూడా, అయినా ఫోన్ చెయ్, పోర్టల్ చూసి ఎవరూ చేను గట్టు దాకా పోరు. కార్డు తడిస్తే నీ దగ్గర కౌంటర్‌ఫాయిల్ (కార్డులో మన దగ్గర ఉంచుకునే ముక్క) ఉంటదిగా టిక్లర్ బ్యాగ్‌లో (అవి నెలవారీగా పెట్టుకునే సంచి), దాన్ని బట్టి కొత్తది రాసివ్వు, ప్లాస్టిక్ కవర్లో పెట్టివ్వు. ఆధార్ లేదని ఏ బిడ్డకీ టీకా ఆపకూడదు, ఎవరన్నా అడిగితే గట్టిగానే చెప్పు.

ఇంకోటి. సాయంత్రం పూట ఒక్క బిడ్డే వచ్చాడనుకో, ఎంఆర్ సీసా ఒక్కడి కోసం ఎందుకు విప్పాలి, వచ్చే వారం రమ్మందాం అని నీకే అనిపిస్తది. అట్లా అనమాక. ఒక్కడికైనా విప్పొచ్చు, రూల్ కూడా అదే, వేస్టేజీ కాలమ్‌లో రాసేసెయ్.