కేబుల్ హెడ్‌బ్యాండ్ వెడల్పు రావట్లేదు, ముడుచుకుపోతోంది

మినియాపొలిస్ కోడలు:
అందరికీ నమస్తే. మా పాపకి ఎనిమిదేళ్లు. పొద్దున స్కూల్ బస్సు కోసం నిలబడే కాసేపటికే చలికి చెవులు కందిపోతున్నాయి. జడ పైకెత్తి కట్టిన రోజు టోపీ పట్టదు. పట్టినా బస్సెక్కగానే తీసేసి సీట్లోనే వదిలేసి వస్తుంది. అందుకే చెవులు మూసేలా ఊలు హెడ్‌బ్యాండ్ మొదలుపెట్టా, కేబుల్ (జడలా మెలికలు తిరిగే) డిజైన్‌తో.

ఊలు వర్స్‌టెడ్ రకం (మధ్యస్థం లావు), సూపర్‌వాష్ (మిషన్‌లో ఉతికినా ముడుచుకోనిది). లేబుల్ మీద 8 నంబరు సూది, 10 సెంటీమీటర్లకి 18 కుట్లు అని ఉంది. నావి కర్నూలు నుంచి తెచ్చుకున్న అమ్మ సూదులు, వాటి మీదా 8 అనే ఉంది. 22 కుట్లు ఎక్కించా. అంచు 2, పర్ల్ (ఉల్టా కుట్టు) 2, కేబుల్ 6, పర్ల్ 2, కేబుల్ 6, పర్ల్ 2, అంచు 2. నాలుగు వరుసలకోసారి కేబుల్ తిప్పుతున్నా. లెక్క ప్రకారం 12 సెంటీమీటర్లు రావాలి కదా, వస్తున్నది ఏడున్నర. పైగా అట్టలా బిగుసుకుపోయింది.

పాప తల చుట్టుకొలత 52 సెంటీమీటర్లు. పొడవు కూడా 52 అల్లాలా? నుదుటి దగ్గర దురద పుడుతోందని అప్పుడే గొడవ మొదలుపెట్టింది, దానికీ ఏదైనా చెప్పండి.

ఊలుఉండ:
కేబుల్ అన్నాక లోపలికి లాగుతుందండీ, కంగారు పడకండి. పూర్తయ్యాక నీళ్లలో నానబెట్టి, పిండి, పిన్నులతో సాగదీసి ఆరబెట్టండి. సర్దుకుంటుంది.

కంటోన్మెంట్ అమ్మమ్మ:
తడిపి సాగదీస్తే ఒక సెంటీమీటరు వస్తుందేమో, నాలుగున్నర ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా? బలవంతంగా లాగి పెడితే కేబుల్ చదునైపోతుంది. ఇంక అది వేసి ఏం లాభం.

అమ్మాయ్, ముందు ఆ సూదుల సంగతి తేల్చు. మన దగ్గర అమ్మే సూదులకి పాత ఇంగ్లండు నంబర్లు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. నేను స్వెటర్ అంచుకి 12, ఒంటికి 10 వాడేదాన్ని, 12 అంటే 2.75 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. అమెరికా వాళ్లది దీనికి తిరగేసిన లెక్క, నంబరు పెరిగితే లావు. మీ అమ్మ 8 అంటే 4 మిల్లీమీటర్లు. లేబుల్ మీది 8 అంటే 5. లావు ఊలుని సన్న సూదుల మీద బిగించి అల్లుతున్నావన్నమాట, బిగుసుకోక ఏం చేస్తుంది?

సూది లావు కొలిచే పలక లేకపోతే కుట్టు దారం తీసుకుని సూది చుట్టూ పక్కపక్కనే పది చుట్లు చుట్టు. దారం విప్పి స్కేలు మీద పెట్టు. 13 సెంటీమీటర్ల దగ్గర వస్తే 4 మిల్లీమీటర్ల సూది. 16 దగ్గర వస్తే 5.

ఇక కేబుల్. ఆరు కుట్లని మూడు మూడుగా దాటించినప్పుడు ఆ ఆరూ నాలుగు కుట్ల చోటులోనే ఇరుక్కుంటాయి. నీకు రెండు కేబుళ్లు, అంటే నాలుగు కుట్ల వెడల్పు అక్కడే పోయింది. దానికి తోడు నాలుగు వరుసలకే తిప్పుతున్నావు, ఊపిరాడనివ్వట్లేదు దాన్ని. ఎనిమిది వరుసలకోసారి తిప్పు. ఎప్పుడూ ముఖం వైపు వరుసలోనే. ఒక కేబుల్‌కి మూడు కుట్లు పిన్నీసుకి ఎక్కించి ముందు వైపు వదులు, ఎడమకి వాలుతుంది. రెండో దానికి వెనక వైపు వదులు, కుడికి వాలుతుంది. రెండూ ఎదురెదురుగా చూసుకుంటే అందంగా ఉంటుంది. కేబుల్ సూదే కావాలని లేదు, అంబాలాలో మా పక్కింటి పంజాబీ ఆవిడ పెన్సిల్ ముక్కతో తిప్పేది. సీదా, ఉల్టా అంటూ నాకు నేర్పింది ఆవిడే. మావారు ఫౌజులో ఉండగా క్వార్టర్స్‌లో చలికాలం మధ్యాహ్నాలన్నీ ఇదే పని.

పొడవు 52 అల్లకు. ఊలు సాగుతుంది, వారం తిరక్కముందే కళ్ల మీదకి జారుతుంది. 46, 47 చాలు.

మినియాపొలిస్ కోడలు:
అమ్మమ్మగారూ, దారం చుట్టి చూశా. పదమూడూ ఒక గీత! అయితే 8 కొనేదా మరి, అమెరికా 8?

కంటోన్మెంట్ అమ్మమ్మ:
నన్నడిగితే 7 కొను. 5 మిల్లీమీటర్లతో అల్లితే మెత్తగా బాగుంటుంది గానీ మీ ఊళ్లో ఆ చలిగాలి సందుల్లోంచి చెవికి తగులుతుంది. 7 అయితే 4.5. ఇంకో సుఖం, 7 దగ్గర ఇండియా లెక్కా అమెరికా లెక్కా కలుస్తాయి, ఎక్కడ కొన్నా ఒకటే.

కుట్లు 24 ఎక్కించు. రెండు వైపులా అంచు కుట్లు రెండు బదులు మూడేసి చెయ్, మిగతాదంతా నీ లెక్కే. తొమ్మిది, తొమ్మిదిన్నర వెడల్పు వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్ల చెవులకి అంతకన్నా అక్కర్లేదు. అల్లినంత మేర విప్పెయ్. విప్పిన ఊలు మెలికలు తిరిగి ఉంటుంది, దాన్నలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకి చుట్టి లచ్ఛలా (వదులు చుట్టలా) కట్టి, తడిపి, ఆరాక మళ్లీ ఉండ చుట్టుకో.

టొరంటో_శారద:
దురద గురించి నేను చెప్తా. లోపల నుదురూ చెవులూ తగిలేంత మేర ఫ్లీస్ గుడ్డ (నూగుగా, మెత్తగా ఉండే పాలిస్టర్ గుడ్డ) పట్టీ కుట్టండి. ఫ్లీస్‌ని చేత్తో లాగి చూడండి, ఒక వైపు ఎక్కువ సాగుతుంది. ఆ సాగే వైపు తల చుట్టూ వచ్చేలా కత్తిరించండి. టాకాలు వదులుగా, చేత్తోనే. మిషన్ మీద కుట్టారో హెడ్‌బ్యాండ్ ఇంక సాగదు, తలకి పట్టదు.

కంటోన్మెంట్ అమ్మమ్మ:
మేం పాత బనీను గుడ్డ వేసేవాళ్లం. అంతకన్నా మెత్తనిది ఏముంటుంది?

టొరంటో_శారద:
అంబాలా చలికి సరిపోతుంది అమ్మమ్మగారూ. ఇక్కడ పిల్లలు మంచులో పరిగెత్తి చెమట పట్టించుకుంటారు. కాటన్ ఆ తడిని పట్టుకుని ఉంటుంది, కాస్త ఆగేసరికి నుదుటి మీద ఐసు పెట్టినట్టే.

కంటోన్మెంట్ అమ్మమ్మ:
సరే, ఆ మాట నిజమే. ఫ్లీసే వెయ్యమ్మా.

మినియాపొలిస్ కోడలు:
శారదగారూ, థాంక్సండీ. చివర రెండు కొసలూ ఎలా కలపాలి? కేబుల్ తెగినట్టు కనపడకుండా?

కంటోన్మెంట్ అమ్మమ్మ:
మొదటిసారి తిప్పే ముందు నాలుగు వరుసలు సాదాగా అల్లు. చివరిసారి తిప్పాక మూడు వరుసలు అల్లి ఆపెయ్. అప్పుడు అతుకు సరిగ్గా రెండు మెలికల నడుమ పడుతుంది. మొదటి వరుస అంచు నుంచి కుట్లు ఇంకో సూదికి ఎత్తుకుని, ముఖాలు లోపలికి పెట్టి, మూడో సూదితో రెండేసి కుట్లు కలిపి అల్లుతూ మూసెయ్. లోపల చిన్న గట్టు వస్తుంది. అది మెడ వైపు, జడ కింద ఉండేలా పెట్టు, ఫ్లీస్ అక్కడిదాకా రాకపోయినా గుచ్చుకోదు.

సూపర్‌వాష్ అన్నావు కదా, తడిస్తే బాగా సాగే రకం అది. వేళ్లాడదీయకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టు. కొత్త సూదులతో ముందు చిన్న ముక్క అల్లి, కేబుల్‌తో సహా, ఉతికి ఆరాక కొలుచుకో. ఆ కొలత ఇక్కడ పెట్టు, తేడా ఉంటే కుట్లు సర్ది చెప్తాను.