ముంపును ముందే చెప్పే మోడల్ కావాలా, ముందు నాలా పూడిక తీయాలా?

వానలెక్క: ఏ జంక్షన్‌లో నీళ్లు నిలుస్తాయో పాత డేటా చూసి గంట ముందే చెప్పే కంప్యూటర్ మోడల్ మీద హైదరాబాద్ ఖర్చు పెట్టాలని నా వాదన. ఆటోమేటిక్ వాన కేంద్రాల డేటా, ఎత్తుపల్లాల మ్యాపు, పాత ఫిర్యాదులు అన్నీ ఉన్నాయి. ఏ ఏరియాలో ఎన్ని పాల ప్యాకెట్లు పోతాయో డెలివరీ యాప్‌లు ముందే అంచనా కడుతున్నాయి. నగరానికి ఎందుకు కుదరదు?

నాలాగట్టు: మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయని ఆటో అన్నను అడిగినా చెప్తాడు, దానికి మోడలెందుకు? 40 హెక్టార్ల కాంక్రీటు బస్తీ మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. 0.8 వంతు పారుతుందంటే 0.8, 50, 40 గుణించి 360తో (యూనిట్లు మార్చే అంకె) భాగించండి: సెకనుకు దాదాపు 4.4 ఘనపు మీటర్లు. పైపు సగం పూడి ఉంటే ఆ నీళ్లు రోడ్డెక్కుతాయి, అంతే. 1908 మూసీ వరద తర్వాత ఇక్కడ కట్టింది ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. అంచనా పట్టికలు కాదు.

వానలెక్క: ఆ రెండింటి గేట్లు ఎప్పుడెత్తాలో తేల్చేది ఇన్‌ఫ్లో అంచనాయే కదా సార్!

పట్టికలపిచ్చి: ఇద్దరూ డేటా శుభ్రంగా ఉందనుకుని కొట్లాడుతున్నారు. వాతావరణ శాఖ రోజు వర్షపాతం ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా కొలిచి, మర్నాటి తేదీ వేస్తుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి కుండపోత 14వ తేదీ వరసలో ఉంటుంది, ఫిర్యాదులేమో 13వి. తేదీ చూసి రెండూ కలిపేస్తే, వాన పడకముందే కాలనీ మునుగుతుందని మోడల్ నేర్చుకుంటుంది. గంటల లెక్కన కలపాలి. సర్వర్ గడియారం గ్రీన్‌విచ్ సమయంలో ఉంటే మరో ఐదున్నర గంటల తేడా.

ఇక ఫిర్యాదులు. అవి నీళ్లు నిలిచిన చోటు నుంచి కాదు, ఫోన్ చేసే ఓపికున్న చోటు నుంచి వస్తాయి. మాదాపూర్‌లో మడమ లోతుకే పది ఫోటోలు, పాతబస్తీ గల్లీలో మోకాలి లోతున్నా ఒక్కటీ ఉండదు. నీళ్లు తోడే పంపులు ఎటు పోతాయో చెప్పాలా?

అసలు తిప్పలు అరుదైన ఘటనతో. 10,000 రికార్డుల్లో నిజంగా మునిగినవి 100 అనుకోండి. ‘ఎక్కడా మునగదు’ అనే మోడల్ కూడా 99 శాతం కరెక్టే! మంచి మోడల్ 90 ముంపులు పట్టి, మిగతా 9,900లో 5 శాతానికే తప్పుడు గంట కొట్టినా అవి 495. మొత్తం 585 అలర్ట్‌లలో నిజమైనవి 90. మూడోసారి ఊరికే వెళ్లొచ్చిన సిబ్బంది నాలుగోసారి కదలరు.

వానలెక్క: ఫిర్యాదులు వదిలేసి నాలాల్లో లెవెల్ సెన్సర్లు పెడదాం.

నాలాగట్టు: శబ్ద తరంగాలతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ కింద థర్మకోల్ పేరుకుంటే దాన్నే నీటిమట్టమనుకుంటుంది. పైగా పెద్ద వానకే కరెంటు పోతుంది, టవర్ పోతుంది.

పట్టికలపిచ్చి: ఆ ఖాళీల్లో సున్నా నింపేవాళ్లను ఏమనాలి! వాన దంచిన చోటే మోడల్‌కు ఎండ కనిపిస్తుంది. ఖాళీని ఖాళీగానే ఉంచి, సెన్సర్ మూగబోవడాన్నే ఒక సంకేతంగా ఇవ్వాలి.

దుకాణంలెక్క: పాల ప్యాకెట్ పోలిక కూడా అంత సులువు కాదు. స్టాకు ఏడింటికే అయిపోతే డేటాలో కనిపించేది అమ్మకం, గిరాకీ కాదు. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకొస్తుంది. నిరుటి తేదీలు చూసి హలీం సరుకు తెస్తే గోదాములో మిగులుతుంది. అక్కడ పోయేది సరుకే, ఇక్కడ ఇళ్లు.

వానలెక్క: సరే. అలర్ట్‌లు మానేసి, మునిగే ముప్పును బట్టి చోట్లకు ర్యాంకు వేద్దాం. పంపులు 12 ఉంటే పై 12 చోట్లే పంపుదాం.

నాలాగట్టు: అది నయం. ఒక వానాకాలం మోడల్ చెప్పిన 12, మా ఇంజనీర్ల 12 పక్కపక్కన నడపండి, నాకేం అభ్యంతరం లేదు. పూడిక పనులు మాత్రం ఆపొద్దు.

పట్టికలపిచ్చి: ఇంజనీర్ల జాబితా మేలోనే సీలు వేయండి. మోడల్ జాబితా వానకు గంట ముందు సేవ్ కావాలి. వాన వెలిశాక దిద్దింది ఎవరిదైనా చెల్లదు.