"మాట వినినయెడల": ద్వితీయోపదేశకాండము 28:2 మీద ఒక చర్చ

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి ఒక సభ్యురాలు):

అయ్యగారికి వందనాలు. మా స్త్రీల కూడికలో బైబిలులోని ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం చదువుకుంటున్నాము. "నీవు నీ దేవుడైన యెహోవా మాట వినినయెడల ఈ దీవెనలన్నియు నీమీదికి వచ్చి నీకు ప్రాప్తించును" అన్న రెండవ వచనం దగ్గర మాకు సందేహం కలిగింది. ఇక్కడ వినడమంటే వాక్యం చెవిన పడడమా, లోబడడమా? లోబడితేనే దీవెన అనడం బేరంలాగా ఉన్నదని ఒక అక్క అన్నారు. ఆమెకు ఏమని చెప్పాలి?

జవాబు (అనంతపురం నుంచి):

అమ్మా, వందనాలు. మొదటి సందేహానికి మన ఇళ్లలో నడిచే మాటే జవాబు. "వాడు నా మాట వినడు" అని తల్లి అంటే కొడుక్కి చెవుడని ఎవరూ అనుకోరు. హెబ్రీ భాషలో కూడా అంతే. "షామా" అనే క్రియకు స్వరం అనే మాట తోడైనప్పుడు లోబడడమనే అర్థం వస్తుంది. మొదటి వచనంలో ఆ క్రియను రెండుసార్లు జతచేసి నొక్కి చెప్పారు. దానినే మన అనువాదకులు "శ్రద్ధగా విని" అని రాశారు. 1 సమూయేలు 15:22లో "ఆజ్ఞను గైకొనుటయు" అన్నదాని పక్కనే "మాట వినుటయు శ్రేష్ఠము" అని ఉండడం చూడండి. ఇశ్రాయేలు రాజైన సౌలుకు దేవుని ఆజ్ఞ స్పష్టంగానే వినబడింది. అయినా మంచి పశువులను బలి పేరు చెప్పి మిగుల్చుకున్నాడు గనుక అతడు మాట విననివాడయ్యాడు.

రెండవ సందేహం మీద కొంచెం ఎక్కువగా రాయవలసి ఉన్నది, ఎందుకంటే ఆ అక్క అన్నది తేలికగా తీసిపారేయదగిన మాట కాదు. "ఇది చేయండి, అది వస్తుంది" అని బోధించే ప్రసంగాలు మన ప్రాంతంలో చాలా వినిపిస్తున్నాయి, అవి విన్నవారికి ఈ వచనం బేరంలాగానే తోస్తుంది. అయితే "ప్రాప్తించును" అన్నచోట మూలంలో ఉన్న క్రియకు వెంటబడి అందుకోవడమని అర్థం. అదే క్రియ ఇదే అధ్యాయం 45వ వచనంలో శాపాల విషయంలో వచ్చినప్పుడు మన బైబిలులో "నిన్ను పట్టుకొనును" అని ఉన్నది. అంటే దీవెన కోసం మనిషి పరుగెత్తడం ఇక్కడ లేదు. మనిషి దేవుని మాట ప్రకారం తన దారిన తాను నడుస్తుంటే దీవెనే వెనుకనుంచి వచ్చి అతనిని అందుకుంటుంది. బేరమాడేవాడి చూపు రాబోయే ప్రతిఫలం మీద ఉంటుంది, ఈ వచనంలోని మనిషి చూపు మాత్రం చెప్పినవాని మీద ఉన్నది.

ఆ దారి ఎక్కడిదో కూడా గ్రంథమే చూపిస్తుంది. అయిదవ వచనం గంపను, పిండి పిసికే తొట్టిని దీవిస్తుంది. దీవెన వంటింటిదాకా వస్తున్నదంటే విధేయత కూడా అక్కడినుంచే మొదలు కావాలి గదా. నాలుగు అధ్యాయాలు వెనక్కి వెళితే, పేద కూలివాని కూలి ఏనాటిది ఆనాడే, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని 24:15లో ఉన్నది. పొలంలో ఒక పన (కోసిన పైరు కట్ట) మరచిపోతే దానికోసం తిరిగి పోకూడదని, అది పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి ఉండాలని 24:19 చెబుతుంది; అలా చేస్తే నీవు చేయు పనులన్నిటిలో దేవుడు నిన్ను ఆశీర్వదిస్తాడని ఆ వచనంలోనే ఉన్నది. మన పక్క శనక్కాయ పీకిన చేలల్లో పరిగ ఏరుకునే ఆడవాళ్లను చూసినవారికి ఈ ఆజ్ఞను వివరించనక్కరలేదు. ఆ చేనిగట్టున నిలబడి వాళ్లను ఏరుకోనిచ్చే రైతు, ఆదివారం గుడిలో ఎంత గట్టిగా ఆమెన్ అన్నా అనకపోయినా, ఆ పూట దేవుని మాట విన్నవాడే. 25వ అధ్యాయంలో సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉంచుకోకూడదన్న ఆజ్ఞ అంగడి పెట్టుకున్న విశ్వాసులకు ఇంతే సూటిగా తగులుతుంది.

మరొక ప్రశ్న (కర్నూలు జిల్లా నుంచి):

అన్నగారూ, 12వ వచనంలో వర్షం దాని కాలమందు కురుస్తుందని వాగ్దానం ఉన్నది. మా ఆలూరు, ఆదోని వైపు వానలు లేక మిరపకోతలకు, పత్తి ఏరడానికి గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలలో ఎంతో భక్తిగలవారున్నారు. వారు మాట వినలేదనా దీని అర్థం?

జవాబు (అనంతపురం నుంచి):

కాదు తమ్ముడూ, అలా ఎవరైనా బోధిస్తే అక్కడే కాదనండి. కరవును చూపించి పేదవాని భక్తిని కొలవడం కష్టాలపాలైన భక్తుడు యోబును తప్పుపట్టిన అతని స్నేహితులు చేసిన పని, వారి మాటలు యుక్తమైనవి కావని దేవుడే అన్నాడు. ద్వితీయోపదేశకాండము మోయాబు మైదానాలలో, కనానులోకి అడుగుపెట్టబోతున్న ఇశ్రాయేలుతో ఒక జనాంగంగా చేసిన నిబంధన, అంటే ఒడంబడిక. ఒక్కొక్క ఇంటి వర్షపాతానికి అది లెక్కపత్రం కాదు. తండ్రి నీతిమంతులమీదను అనీతిమంతులమీదను వర్షం కురిపిస్తాడని ప్రభువైన యేసే మత్తయి 5:45లో చెప్పాడు. ఆ ప్రభువు కూడా తాను పొందిన శ్రమలవలన విధేయతను నేర్చుకున్నాడని హెబ్రీయులకు 5:8లో రాయబడింది. సంపూర్ణంగా మాట విన్న ఆయనకు ఈ లోకంలో దొరికింది సిలువ.

అలాగని దీవెన అనే మాటను పరలోకానికి వాయిదా వేయనక్కరలేదు. "ఒకడు నన్ను ప్రేమించినయెడల వాడు నా మాట గైకొనును" అని యోహాను 14:23లో చెప్పిన ప్రభువు, తండ్రితో కలిసి వానియొద్దకు వచ్చి నివాసం చేస్తానని అదే వచనంలో అన్నాడు. వలసపోయి గుడారం వేసుకున్న చేనిగట్టుకు కూడా చెల్లే వాగ్దానమిది. మేస్త్రీ లెక్కలో ఒక రోజు కూలి పొరపాటున ఎక్కువ పడితే వెనక్కి ఇచ్చిన కూలివానికి ఆ సంవత్సరం అప్పు తీరకపోవచ్చు. అయినా అతని మాట ఆ గుంపులో చెల్లుతుంది, రాత్రి ప్రార్థనకు మోకరించినప్పుడు అతని మనస్సు అతనిమీద నేరం మోపదు, అతని బిడ్డలు దేవుని భయమంటే ఏమిటో కళ్లారా చూస్తారు. నేను దీనిని చిన్న దీవెన అనలేను.

ప్రొద్దుటూరు అమ్మగారికి ఒక మనవి. వచ్చే కూడికలో 24వ అధ్యాయం 14 నుంచి 22వ వచనం వరకు ముందు చదివి, ఆ తర్వాతే 28కి రండి. ఆ అక్కతోనే చదివించండి. ఆమె అడిగారు గనుకనే ఇంత మాట్లాడుకోగలిగాము.