హెచ్4 పిల్లలు, వాలంటీర్ గంటలు, కాలేజీ స్కాలర్‌షిప్‌లు: ఏవి వర్తిస్తాయి?

ఫ్రిస్కో_అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్తే. పాప లెవెన్త్ గ్రేడ్, టెక్సాస్. మేం హెచ్1బీ (ఉద్యోగ వీసా), పాప హెచ్4 (దాని మీద కుటుంబానికి ఇచ్చే వీసా). ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది, ఐ-485 (గ్రీన్ కార్డ్‌కి మనం వేసే చివరి దరఖాస్తు) వేసే వంతు ఇంకా రాలేదు. నైన్త్ నుంచి ఇప్పటిదాకా వాలంటీర్ గంటలు 310 దాకా ఉన్నాయి: ఫుడ్ బ్యాంకులో సార్టింగ్, లైబ్రరీలో చిన్నపిల్లలకి చదివి వినిపించడం, గుడిలో ఆదివారం అన్నదానం. ఫుడ్ బ్యాంకువి వాళ్ల ఆన్‌లైన్ ఖాతాలో ఉన్నాయి, గుడివి మాత్రం ఎక్కడా రాసి లేవు. సేవ చూసి ఇచ్చే స్కాలర్‌షిప్‌లలో హెచ్4 వాళ్లకి వర్తించేవి ఉన్నాయా? ప్రెసిడెంట్ వాలంటీర్ అవార్డు గోల్డ్ వస్తే డబ్బు వస్తుందా? 500 గంటలు దాటిస్తే అవకాశం పెరుగుతుందా?

అడ్మిషన్స్_డెస్క్

ఏ స్కాలర్‌షిప్ పేజీ తెరిచినా ముందు అర్హత పేరా చదవండి, వ్యాసం ప్రశ్న తర్వాత. చాలామంది ఇళ్లలో ఇది తిరగబడి, రెండు వారాలు వ్యాసం రాశాక స్టేటస్ దగ్గర ఆగిపోతున్నారు.

పేరున్న వాటిలో ఎక్కువ మీ పాపకి ఇప్పుడు వర్తించవు. కోకా కోలా స్కాలర్స్ ఏటా 150 మందికి 20,000 డాలర్ల చొప్పున ఇస్తుంది. పౌరులు, గ్రీన్ కార్డ్ వాళ్లు, శరణార్థుల్లాంటి కొన్ని వర్గాలకే. ఎల్క్స్ అనే సేవా సంఘం ఇచ్చే మోస్ట్ వాల్యుబుల్ స్టూడెంట్ స్కాలర్‌షిప్ పౌరులకే. గ్లోరియా బ్యారన్ ప్రైజ్ 8 నుంచి 18 ఏళ్ల పిల్లలకి, మొదటి 15 మందికి 10,000 డాలర్లు. అదీ పౌరులు, పర్మనెంట్ రెసిడెంట్లకే. ప్రభుత్వ సేవా కార్యక్రమం అమెరికోర్ ఇచ్చే చదువు అవార్డు (2024లో 1,700 గంటల పూర్తికాల సేవకి 7,395 డాలర్లు) కూడా అంతే. ఐ-140 అప్రూవ్ అవడం ఇందులో దేనికీ పనికిరాదు, ఐ-485 పెండింగ్ కూడా గ్రీన్ కార్డ్ కాదు.

ప్రెసిడెంట్ వాలంటీర్ అవార్డుతో డబ్బు ఎప్పుడూ లేదు. అది మెడల్, సర్టిఫికెట్. పైగా అదీ పౌరులకి, గ్రీన్ కార్డ్ వాళ్లకే, 2025లో నిలిపేశారు కూడా. దానికోసం గంటలు పెంచే ఆలోచన మానేయండి.

తలుపు తెరిచి ఉండేది కాలేజీల సొంత డబ్బు దగ్గర. వాండర్‌బిల్ట్‌లో ఇంగ్రమ్ స్కాలర్స్ సేవ మీదే నడుస్తుంది: పూర్తి ట్యూషన్, బదులుగా చదువుకునే నెలల్లో నెలకి సుమారు 20 గంటల సేవ, ఒక వేసవి ప్రాజెక్టు. డ్యూక్, నార్త్ కరొలినా చాపెల్ హిల్ కలిపి నడిపే రాబర్ట్‌సన్ స్కాలర్స్‌లో మొదటి వేసవి అంతా సమాజ సేవే. ఈ రెండూ పౌరసత్వం అడగవు. పోటీ మాత్రం చాలా ఎక్కువ, కాబట్టి వీటి మీదే కూర్చోకండి. మీ కౌంటీ కమ్యూనిటీ ఫౌండేషన్ (స్థానిక విరాళాలతో స్కాలర్‌షిప్‌లు నడిపే సంస్థ) సైట్ చూడండి. చాలా చోట్ల ఒకే దరఖాస్తుతో పదుల కొద్దీ చిన్న స్కాలర్‌షిప్‌లకి పోటీ పడొచ్చు, కొన్నింటిలో "ఈ కౌంటీ హైస్కూల్లో చదివి ఉండాలి" అనేదొక్కటే షరతు. వెయ్యి డాలర్లే కదా అని వదిలెయ్యొద్దు, వీటికి దరఖాస్తులు తక్కువ వస్తాయి.

ఇంకో మాట, టెక్సాస్ బయట ఉండి ఇది చదివేవాళ్ల కోసం: టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీ తన పోటీ స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు ఇస్తే, బయటి రాష్ట్రం విద్యార్థికి ఇన్‌స్టేట్ ఫీజు (సొంత రాష్ట్రం వాళ్లకి ఉండే తక్కువ ఫీజు) వేసే వెసులుబాటు అక్కడి చట్టంలో ఉంది. బయటి సంస్థ ఇచ్చిన స్కాలర్‌షిప్ దీనికి లెక్కకి రాదు.

గుడి_వాలంటీర్_కోఆర్డినేటర్

గుడి గంటల సంగతి ఇప్పుడే సరిచేసుకోండి. ఏడాది ఆగితే సంతకం పెట్టాల్సిన ఆయన కమిటీలో ఉండకపోవచ్చు, ఉన్నా గుర్తుండదు. పాప ఫోన్ క్యాలెండర్, గుడి వాట్సాప్ గ్రూపులో డ్యూటీ మెసేజ్‌లు, ఫొటోల తేదీలు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి వెనకటి ఆదివారాలు రాయండి. ఆధారం దొరకనివి వదిలేయండి. 310 కాస్తా 240 అయినా పర్వాలేదు, అడిగితే చూపించలేని గంట ఒక్కటి ఉన్నా మిగతావాటి మీద నమ్మకం పోతుంది.

ఈ గంటల లాగ్‌లో ఒక్కో వరస ఇలా ఉండాలి: "2025 అక్టోబరు 12, ఆదివారం, ఉదయం 10.15 నుంచి 1.45, మూడున్నర గంటలు, అన్నదానం, 200 ప్లేట్ల వడ్డన, నలుగురు కొత్త పిల్లలకి సాంబారు కౌంటర్ పని నేర్పింది." పక్కన వంటశాల ఇన్‌చార్జి పేరు, మెయిల్. నెలకోసారి సంతకం. ఆ సంతకం అమ్మానాన్నది కాకూడదు, మీరే కమిటీలో ఉంటే వేరే సభ్యుడితో పెట్టించండి.

దారిలో కారులో గడిచిన సమయం రాయకండి. పూజలో, భజనలో కూర్చున్న సమయం అసలే వద్దు, చాలా సంస్థలు ఆరాధనని సేవగా తీసుకోవు. వడ్డన, గిన్నెలు తోమడం, గుడి ఆవరణలో పెట్టిన హెల్త్ క్యాంపులో రిజిస్ట్రేషన్ పని, ఇవి నిక్షేపంగా రాయొచ్చు. తిరస్కరించే చోట్ల కారణం చాలాసార్లు "గుడి" అనే మాట కాదు, పని ఏమిటో రాయకుండా "టెంపుల్ సేవ, 120 గంటలు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం.

వ్యాసాల_రివ్యూ

500 గంటల ప్రశ్నకి: పెద్దగా పెరగదు. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి వేసే ఉమ్మడి దరఖాస్తు) 10 యాక్టివిటీలకే చోటు, ఒక్కోదాని వివరణకి ఖాళీలతో కలిపి 150 అక్షరాలు. చదివేవాళ్లు అక్కడ గంటల కన్నా, ఈ పిల్ల లేకపోతే ఏది జరిగేది కాదో చూస్తారు. "పిల్లలకి కథలు చదివాను" అని రాస్తే ఎవరైనా రాయగలిగేదే. "శనివారం కథల గంటకి వచ్చేవాళ్లు 6, స్పానిష్, తెలుగు పుస్తకాలు పెట్టించి, అమ్మానాన్నలకి ఫ్లయర్ పంచాక 22" అని రాస్తే ఆ పని పాపదని తెలుస్తుంది. (అంకెలు ఉదాహరణకే, మీవి లైబ్రరీ సైన్-ఇన్ షీట్ నుంచి తీసుకోండి.) మిగిలిన ఏడాది మూడు చోట్లా కొంచెం కొంచెం కాకుండా ఒకచోట లోతుగా పనిచేయడం మేలు. సిఫారసు లేఖ కూడా ఆ చోట పనిచూసిన మనిషి దగ్గరే అడగండి, కనీసం నాలుగు వారాల ముందు, పైన చెప్పిన లాగ్ జతచేసి.

ఫ్రిస్కో_అమ్మ

చాలా థ్యాంక్స్ అండి. రెండు చిన్న డౌట్లు. ఒక సంస్థ సమ్మర్లో వాలంటీర్లకి స్టైపెండ్ ఇస్తానంటోంది, తీసుకోవచ్చా? బయటి స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ తన సాయం తగ్గించేస్తుందని విన్నాను, నిజమేనా?

ఫీజు_లెక్కలు

స్టైపెండ్ వద్దు. హెచ్4 మీద ఉన్న పిల్లలకి పనికి అనుమతి లేదు. లాభాపేక్ష లేని సంస్థలో ఊరికే సేవ చేయొచ్చు, డబ్బు ముట్టిందంటే అది ఉద్యోగం కిందికి వస్తుంది. గిఫ్ట్ కార్డ్ ఇచ్చినా మర్యాదగా వద్దనండి. స్కాలర్‌షిప్‌కి బదులుగా వారానికి ఇన్ని గంటలు చేయాలనే షరతు ఉంటే, ఒప్పుకునే ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి, మీ ఇమిగ్రేషన్ లాయరుకి ఆ షరతు ఉన్న పేజీ పంపి అడగండి.

తగ్గించడం నిజమే, కానీ అన్నిచోట్లా కాదు. అవసరం చూసి ఇచ్చే సాయం ఉన్నచోట ఎక్కువ. హెచ్4 వాళ్లకి ఫెడరల్ సాయం ఉండదు కాబట్టి మీకు వచ్చేది కాలేజీ సొంత గ్రాంటు. అందులోంచే బయటి మొత్తాన్ని కోసేస్తారు. మెరిట్ స్కాలర్‌షిప్ మాత్రమే ఉంటే, మొత్తం ఖర్చు దాటనంతవరకు సాధారణంగా ముట్టుకోరు. ఏప్రిల్లో ఏ కాలేజీయో నిర్ణయించుకునే ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి మెయిల్: "బయటి స్కాలర్‌షిప్ 3,000 డాలర్లు వస్తే మా గ్రాంటులో ఎంత తగ్గుతుంది?" అంకెతో అడిగితే అంకెతో జవాబొస్తుంది. తగ్గుతుందంటే, చెక్కు రెండు సెమిస్టర్లకి విడగొట్టమనో వచ్చే ఏడాదికి వాయిదా వేయమనో ఇచ్చిన సంస్థని అడగొచ్చు.

పన్ను: ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకి కావాల్సిన పుస్తకాలకి వాడిన భాగానికి పన్ను లేదు. హాస్టల్, భోజనానికి పోయిన భాగం ఆదాయం కిందికి వస్తుంది. జనవరిలో 1098-టీ (కాలేజీ పంపే పన్ను పత్రం) రాగానే బాక్స్ 1 (కట్టిన ఫీజు), బాక్స్ 5 (స్కాలర్‌షిప్‌లు) పోల్చండి. 5లో ఎక్కువుంటే పుస్తకాల రసీదులు తీసి లెక్క చూసుకోవాలి. అందుకే అవి పారేయకండి.

దరఖాస్తు దశలోనే ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) అడిగినా, "ప్రాసెసింగ్ ఫీజు" అడిగినా పక్కన పెట్టేయండి. పాపకి ఎస్ఎస్ఎన్ ఉండదు, ఉంటే ఐటిన్ (పన్ను లెక్కలకి ఇచ్చే నంబరు) మాత్రమే.

21 నిండే తేదీ కూడా ఇప్పుడే చూసుకోండి. అప్పటికి గ్రీన్ కార్డ్ రాకపోతే ఎఫ్1కి (విద్యార్థి వీసా) మారాల్సి రావచ్చు, అది చాలామందికి కాలేజీ మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో పడుతుంది. నాలుగేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తామన్న కాలేజీని, స్టేటస్ మారినా అది కొనసాగుతుందా అని అడిగి, జవాబు మెయిల్లో తెప్పించుకుని దాచండి. ఫోన్లో చెప్పిన మాట మూడేళ్ల తర్వాత చూపించలేరు.