ఫార్మకోజెనోమిక్స్ శిక్షణ: మందు రాసేవాళ్లకి జన్యుపాఠం కావాలా, కంప్యూటర్ అలర్ట్ చాలా?

వార్డు_రౌండ్:
మందులు రాసేవాళ్లందరికీ రెండు రోజుల ఫార్మకోజెనోమిక్స్ (రోగి జన్యువుల్ని బట్టి మందు, డోసు ఎంచుకోవడం) శిక్షణ తప్పనిసరి చేయాలని ఇక్కడ ఇంకో చర్చలో అన్నారు. నేను ఒప్పుకోను. ఇలాంటి శిక్షణల్లో మొదటి పూటంతా డీఎన్‌ఏ నిర్మాణం, రెండో పూట జన్యురకాల పేర్లతోనే గడిచిపోతుంది. దాంతో ఒక్క మందుచీటీ కూడా మారదు. ఏ మందుకి ఏ జన్యువు చూడాలో ఇంతే: రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్‌కి సీవైపీ2సీ19, నొప్పి మందు కోడీన్‌కి సీవైపీ2డీ6, క్యాన్సర్ మందు ఫ్లోరోయురాసిల్‌కి డీపీవైడీ, రోగనిరోధక శక్తిని అణిచే అజాథియోప్రిన్‌కి టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15, ఫిట్స్ మందు కార్బమజెపిన్‌కి హెచ్‌ఎల్‌ఏ-బీ 15:02. ఈ ఐదింటికీ మందు ఆర్డర్ చేసే స్క్రీన్ మీదే అలర్ట్ పెట్టి, మందే మార్చాలో, డోసు ఎంత మార్చాలో అందులోనే రాయండి. అంతకు మించి అక్కర్లేదు.

ల్యాబ్_టేబుల్:
అలర్ట్ దేన్ని చూసి మోగుతుంది? మేం పంపిన రిపోర్టుని చూసి. అందులో "స్టార్1/స్టార్1, నార్మల్" (అంటే ఆ జన్యువు రెండు ప్రతులూ స్టార్1 రకమే) అని ఉంటే అలర్ట్ రాదు. కానీ స్టార్1 అంటే జన్యువులో లోపం లేదని కాదు, మేం వెతికిన రకాలేవీ కనపడలేదని మాత్రమే. డీపీవైడీకి సాధారణంగా వెతికేవి నాలుగు: స్టార్2ఏ, స్టార్13, 2846ఏ>టీ, హాప్‌బీ3. ఇవి ఎక్కువగా ఐరోపా మూలాలున్నవాళ్లలో గుర్తించిన రకాలు. మిగతా జనాల్లో వేరే లోపాలు ఉండొచ్చు. అలాంటి మనిషికి "నార్మల్" చూసి పూర్తి డోసు ఫ్లోరోయురాసిల్ ఇస్తే నోటిపూత, విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం, అన్నీ రావచ్చు. ఈ సంగతి అలర్ట్ చెప్పదు, చదివేవాళ్లకి తెలిసుండాలి.

చీటీ_రాత:
రెండు రోజులు ఎవరికి ఖాళీ? ఒక పూట పెట్టండి, వస్తాం.

వార్డు_రౌండ్:
ల్యాబ్_టేబుల్ గారూ, అది మీ రిపోర్టు లోపం, మా చదువు లోపం కాదు. "నార్మల్" అని రాయకండి. "వెతికిన నాలుగు రకాలూ లేవు" అని రాయండి. ఒక్క వాక్యంతో పోయేదానికి రెండు రోజుల పాఠమా?

ల్యాబ్_టేబుల్:
ఆ వాక్యం చాలా రిపోర్టుల్లో ఉంటుంది. మూడో పేజీలో. మూడో పేజీ తెరవాలని ఎవరో ఒకరు నేర్పాలిగా.

మందుల_కిటికీ:
ఇద్దరూ స్టార్1 పట్టుకుని వేలాడుతున్నారు. అంతకంటే తరచుగా ఎదురయ్యేది వేరే ఉంది. కోడీన్‌ని మార్ఫిన్‌గా మార్చే ఎంజైము సీవైపీ2డీ6. అందులో స్టార్1/స్టార్4 ఉన్న మనిషిని తీసుకోండి. స్టార్1కి 1, స్టార్4కి 0, మొత్తం యాక్టివిటీ స్కోరు (ఎంజైము ఎంత పనిచేస్తుందో చెప్పే లెక్క) 1. అంటే మధ్యరకం. కోడీన్ లేబుల్ డోసులో మొదలుపెట్టొచ్చు. కానీ ఆయన డిప్రెషన్ మందు పెరాక్సెటిన్ వాడుతున్నారు. అది ఈ ఎంజైముకి బలమైన అడ్డు, కాబట్టి స్కోరుని సున్నాతో గుణించాలి. అప్పుడు ఆయన శరీరంలో కోడీన్ మార్ఫిన్‌గా మారేది నామమాత్రమే, నొప్పి తగ్గదు. నొప్పి తగ్గలేదని చెబితే డోసు పెంచేస్తారు. జన్యువు మారలేదు, పని మారింది. పైగా పెరాక్సెటిన్ బదులు ఫ్లూఆక్సెటిన్ అయితే, మందు ఆపేశాక కూడా కొన్ని వారాలు ఆ అడ్డు పోదు. ఈ లెక్క ఒక్కసారైనా చేత్తో వేయనివాళ్లకి అలర్ట్ ఏం అర్థమవుతుంది?

వార్డు_రౌండ్:
మందుకీ మందుకీ పడకపోతే చెప్పే సాఫ్ట్‌వేర్ ఎప్పటినుంచో ఉంది. అది పట్టేస్తుంది.

మందుల_కిటికీ:
పట్టదు. ఒక కిటికీలో పెరాక్సెటిన్‌, కోడీన్ అని వస్తుంది, ఇంకో కిటికీలో మధ్యరకం అని వస్తుంది. రెండూ పసుపు రంగే. రెండిటినీ కలిపి సున్నా చేసే ఏర్పాటు చాలా చోట్ల ఉండదు. అలాంటి పసుపు కిటికీలు పూటకి ఎన్నో వస్తాయి, చదవకుండానే నొక్కి మూసేస్తారు. దాని మీద ఫార్మసీ నుంచి ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా "రాసింది ఇవ్వండి" అంటారు. మీ అలర్ట్ మీద నాకు నమ్మకం ఎందుకు లేదో ఇప్పుడైనా తెలిసిందా?

వార్డు_రౌండ్:
అంటే మేం చదవకుండా రాసేస్తాం, మీరు మాత్రం రోగిని కాపాడతారు, అంతేగా? క్యూలో ఎంతమంది ఉన్నారో చూడకుండా కిటికీ లోపలినుంచి మాట్లాడటం తేలికే.

చీటీ_రాత:
వాక్యాలు కొంచెం తగ్గించండి ఇద్దరూ.

ల్యాబ్_టేబుల్:
ఇంకో రెండు. మూలకణ మార్పిడి జరిగినవాళ్ల రక్తంలో ఉండేది దాత డీఎన్‌ఏ. ఆ రక్తంతో చేసిన పరీక్ష దాత గురించే చెబుతుంది, మందుని మార్చే కాలేయం మాత్రం రోగిదే. కాలేయ మార్పిడి అయితే తలకిందులు: రక్తం రోగిది, ఎంజైములు దాతవి. మార్పిడి జరిగిందని ఆర్డర్ ఫారంలో రాయకపోతే మాకు తెలిసే దారి లేదు.

నరాల_వార్డు:
నాకు చిరాకు తెప్పించే అలర్ట్ ఇంకొకటి. హెచ్‌ఎల్‌ఏ-బీ 15:02 పాజిటివ్ అనగానే "కార్బమజెపిన్ ఆపండి" అని వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అది సరైన మాటే. కానీ మూడు నెలలకు పైగా ఏ దద్దురూ లేకుండా వాడుతున్నవాళ్లలో స్టీవెన్స్-జాన్సన్ (చర్మం ఊడిపోయే ప్రాణాంతక రియాక్షన్) ముప్పు చాలావరకు గడిచిపోయినట్టే. వాళ్లకి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వస్తాయి. అలర్ట్‌కి మూడు నెలల సంగతి తెలీదు. అలాగే నెగటివ్ వచ్చినా దద్దుర్లు రావని కాదు, హెచ్‌ఎల్‌ఏ-ఏ 31:01 లాంటివి వేరే ఉన్నాయి.

వార్డు_రౌండ్:
సరే, ఇక కుండబద్దలు కొట్టి చెప్తాను. నేను పాఠానికి భయపడటం లేదు. శిక్షణ అయ్యాక చేతికి ఒక సర్టిఫికెట్ ఇస్తారు. ఆ రోజునుంచి ఫైల్లో ఎక్కడో పీడీఎఫ్‌గా పడున్న ప్రతి జన్యు రిపోర్టుకీ నేనే జవాబుదారీ. ఎవరు రాయించారో తెలియని పరీక్ష, ఎప్పుడో వచ్చిన ఫలితం, నేను రాసిన మందు. తేడా వస్తే "మీరు శిక్షణ పొందారుగా" అంటారు. అలర్ట్ కావాలన్నది అందుకే: కనపడని దానికి నన్ను బాధ్యుణ్ని చేయొద్దని.

మందుల_కిటికీ:
ఇది మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. మాదీ అదే బాధ. ఫలితాన్ని చూడాల్సినవాళ్లెవరో ఎక్కడా రాసుండదు. డీపీవైడీ రక్తం తీసి పంపుతారు, ఫలితం రాకముందే మొదటి డోసు ఎక్కేస్తుంది. తర్వాత స్కోరు 1 అని, అంటే ఎంజైము సగమే పనిచేస్తుందని వస్తే ఎవరికి చెప్పాలి? చెప్పాక సగం డోసుకి దించుతారు, రెండు సైకిళ్లు (కీమో విడతలు) ఇబ్బంది లేకుండా గడిచాక పెంచి చూడాలన్నది మళ్లీ ఎవరికీ గుర్తుండదు. తక్కువ డోసులోనే చికిత్స అయిపోతుంది, క్యాన్సర్‌కి ఆ డోసు చాలకపోవచ్చు.

నరాల_వార్డు:
సీపీఐసీ (జన్యు ఫలితాన్ని బట్టి మందు ఎలా రాయాలో సూచించే అంతర్జాతీయ బృందం) మార్గదర్శకాలు కూడా ఫలితం చేతిలో ఉంటే ఏం చేయాలో చెబుతాయి గానీ పరీక్ష చేయించాలా వద్దా అనేది చెప్పవు. ఎవరికి, ఎప్పుడు చేయించాలన్నది శిక్షణలో ఉండాల్సింది అందుకే.

వార్డు_రౌండ్:
అయితే నా షరతులు ఇవి. డీఎన్‌ఏ నిర్మాణం తీసేయండి. రెండు పూటలూ అసలు రిపోర్టులే ఇవ్వండి: ఒకదాంట్లో పెరాక్సెటిన్ దాచండి, ఒకదాంట్లో మార్పిడి సంగతి, ఒకదాంట్లో వెతకని రకం. మేం మందుచీటీ రాస్తాం, మందుల_కిటికీ గారు పక్కన కూర్చుని దిద్దాలి. పరీక్ష ఆర్డర్ చేసేటప్పుడే ఫలితం చూసే మనిషి పేరు రాయకపోతే ఆర్డర్ ముందుకి కదలకూడదు.

ల్యాబ్_టేబుల్:
పేరు గడి మా ఫారంలో పెట్టొచ్చు. ఏయే రకాలు వెతికామో మొదటి పేజీకి తెస్తాం. ఆ మనిషి బదిలీ అయిపోతే ఫలితం ఎవరికి పోవాలి?

మందుల_కిటికీ:
ఫార్మసీకి. ఫోన్ ఎత్తుతామని మీవాళ్లు ఒప్పుకుంటేనే.