జనం వచ్చాక బహుమానమా, బహుమానం పెంచాక జనమా? 2025 మహిళల ఫుట్‌బాల్ పోటీలపై చర్చ

వంశధార మాస్టారు:

ఒడిశా సరిహద్దులోని మా ఊళ్ళో దసరాకు జరిగే ఫుట్‌బాల్ పోటీల్లో మగపిల్లల మొదటి బహుమతి 40,000 రూపాయలు, ఒక మేకపోతు. మూడేళ్ళ కిందట మొదలైన ఆడపిల్లల విభాగానికి 8,000 రూపాయలు, జట్టులో తలా ఒక స్టీలు బిందె. ఫుట్‌బాల్ ఆడిన పిల్లకు బిందె ఎందుకో నన్ను అడగవద్దు, అది దాత ఇష్టం. ఈసారి రెండు బహుమతులూ సమానం చేయాలని కమిటీలో ఇద్దరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు.

నా వాదనకు ఆధారం 2025లో స్విట్జర్లాండ్‌లో జరిగిన మహిళల యూరో కప్. అక్కడ 31 మ్యాచ్‌లకు 6,57,291 మంది వచ్చారు. 2022లో 1.6 కోట్ల యూరోలుగా ఉన్న మొత్తం బహుమతి సొమ్ము ఈసారి 4.1 కోట్లకు పెరిగింది. 2022 యూరోలో ఇంగ్లండ్ మైదానాలు నిండిన తరువాతే ఆ పెంపు వచ్చింది. అయినా మగవారి 2024 యూరోకు పెట్టిన 33.1 కోట్లతో పోలిస్తే అది ఎనిమిదో వంతు. అంత సంపన్నమైన యూరప్ ఫుట్‌బాల్ సంస్థే సమానం అనడానికి జంకుతున్నప్పుడు, ఇంటింటికీ తిరిగి చందా పుస్తకం చాపే మేము ఎలా అనగలం? ముందు జనం రావాలి, డబ్బు దాని వెనుకే వస్తుంది.

పర్లాకిమిడి కోడలు:

మాస్టారూ, జనం వస్తే డబ్బు దానంతట అదే వస్తుందన్న మాటను చరిత్ర ఒప్పుకోదు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్ మైదానంలో డిక్ కెర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళ జట్టు ఆట చూడడానికి సుమారు 53,000 మంది వచ్చారు, లోపల చోటు లేక వేలమంది గేటు బయటే నిలిచిపోయారు. మరి ఏడాది తిరిగేసరికి ఏమైంది? 1921 డిసెంబరులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ ఆట స్త్రీలకు తగదని తీర్మానించి, తన సభ్య క్లబ్బుల మైదానాలలోకి వారిని రానివ్వకుండా తలుపులు మూసేసింది. ఆ తలుపులు తెరుచుకోవడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. మీరు చూపిస్తున్న పెంపు, నిండుగా ఉన్న చెరువును ఎండగట్టి, మళ్ళీ నీళ్ళు వదిలి, చూడండి ఎంత పెరిగిందో అన్నట్టుగా ఉంది.

ఇక మన సంగతి. మా అమ్మాయి నిరుడు ఇలాంటి దసరా పోటీలలోనే ఆడింది కనుక కళ్ళారా చూసినదే చెబుతున్నాను. ఆడపిల్లల ఫైనల్ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పెట్టారు, మగపిల్లలది నాలుగింటికి. ఎండకు గట్టుమీద గొడుగు వేసుకున్న ఐస్ బండివాడు, మేము నలుగురం తల్లులం తప్ప మనిషి లేడు. కొండమీది సవర పల్లెల నుంచి ట్రెక్కరులో వచ్చిన జట్టులో సగం మందికి బూట్లు లేవు. అంతకుముందు ఆడి ఓడిన జట్టు పిల్ల తన బూట్లు విప్పి ఇస్తే, అవి వదులుగా ఉన్నాయని ముందుభాగంలో గుడ్డపేలికలు కుక్కుకొని మరో పిల్ల ఆడింది. గోలు వేసింది కూడా. మైకులో మాత్రం ఆ సమయంలో చందాదారుల పేర్లు చదువుతున్నారు. జనం రాలేదు అంటున్నారే, జనాన్ని ఎవరు పిలిచారు?

రాయగడ రైల్వే కాలనీ:

అక్కగారు చెప్పిన ఒంటిగంటన్నర ఎండ విన్నాక నాకు ఈక్వెడార్ రాజధాని క్విటో గుర్తుకొచ్చింది. 2025 జులైలో అక్కడ మొదలైన మహిళల కోపా అమెరికాలో, అంటే దక్షిణ అమెరికా దేశాల పోటీలో, ఆటగత్తెలు మ్యాచ్‌కు ముందు మైదానంలో వార్మప్ చేసుకునే వీలు కూడా లేక, ఇరుకు గదిలో, రంగు వాసన మధ్య ఆ పని కానివ్వవలసి వచ్చింది. బ్రెజిల్ మేటి ఆటగత్తె మార్తా అంతటి ఆమె బహిరంగంగా నిలదీశాకే నిర్వాహకులు దిగివచ్చారు. అదే పోటీ ఫైనల్లో కొలంబియాపై ఆట ముగుస్తుందనగా గోలు వేసి బ్రెజిల్‌ను నిలబెట్టింది కూడా 39 ఏళ్ళ ఆ మార్తాయే. అదనపు సమయంలో ఇంకొకటి వేసింది. స్కోరు 4-4, చివరకు పెనాల్టీలలో బ్రెజిల్ గెలిచింది. ఆ రాత్రి మేలుకొని చూసినందుకు మరునాడు డ్యూటీలో కునికాను గాని, విచారం లేదు.

అయితే బహుమతి విషయంలో నేను అక్కగారితోనూ ఏకీభవించను. నైజీరియా ఆడవాళ్ళ జట్టును చూడండి. జులై 26న రబాత్‌లో మొరాకోకు రెండు గోల్స్ ఇచ్చుకొని కూడా 3-2తో గెలిచి పదోసారి ఆఫ్రికా కప్పు ఎత్తుకుంది. నైజీరియా అధ్యక్షుడు ఒక్కొక్కరికి లక్ష డాలర్లకు సమానమైన సొమ్ము, మూడు పడక గదుల ఇల్లు ప్రకటించారు. గెలిచినవారికి గెలిచాక ఇవ్వడం సులువు. ఆ పేలికలు కుక్కుకొని ఆడిన పిల్లకు 40,000 బహుమతి ఉన్నా లేకపోయినా బూట్లు రావు, ఎందుకంటే అది గెలిచిన ఒక్క జట్టుకే పోతుంది.

మన దేశం సంగతే తీసుకోండి. జులై 5న థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో, రెండుసార్లు ప్రపంచ కప్ ఆడిన ఆ దేశాన్ని భారత మహిళల జట్టు 2-1తో ఓడించింది, రెండు గోల్స్ కూడా సంగీతా బాస్ఫోర్‌వే. అర్హత పోటీలు ఆడి ఆసియా కప్‌కు వెళ్ళడం మనకు ఇదే మొదటిసారి. ఆ జట్టుకు అప్పటి కోచ్ క్రిస్పిన్ ఛెత్రి అంతకుముందు ఒడిశా ఎఫ్‌సీ క్లబ్బు ఆడవాళ్ళను 2023-24 జాతీయ లీగ్ విజేతలుగా నిలిపిన మనిషి. మరుసటి ఏడాది ఆ లీగ్ ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు దక్కింది. టైటిల్ ఖాయం చేసిన మ్యాచ్‌లో ఒడిశా ఎఫ్‌సీపై పడిన ఏకైక గోలు మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్‌ది. ఒడిశాలో ఉంటున్న తెలుగువాడిగా ఆ రోజు ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేకపోయాను. వీళ్ళంతా ఏడాది పొడవునా ఆడే లీగుల్లో నలిగి వచ్చినవారే గాని, దసరా బహుమతి కోసం వచ్చినవారు కారు.

బరంపురం దుకాణదారు:

చందా ఇచ్చేవాడిగా ఒక్క మాట. ఆడపిల్లల ఆటకు బ్యానరు కడతామని ఏ కమిటీ నన్ను ఇంతవరకు అడగలేదు. అడిగితే ఇస్తానో లేదో తరువాతి సంగతి.

పర్లాకిమిడి కోడలు:

రాయగడ తమ్ముడూ, బూట్ల మాట నిజమే, ఒప్పుకుంటాను. కాని బహుమతి అంటే గెలిచినవారికి వెళ్ళే డబ్బు మాత్రమే కాదు, ఊరు వేసే వెల కూడా. మా అమ్మాయి బిందె ఇంటికి తెచ్చి వంటింట్లో పెట్టింది, దాన్ని వాళ్ళ నాన్నమ్మ తప్ప ఎవరూ గెలుపు అనుకోలేదు.

వంశధార మాస్టారు:

1920 నాటి సంగతి నాకు తెలియదు, తెలిసి ఉంటే జనం మాట అంత ధీమాగా అనేవాడిని కాను. అయినా ఈ సంవత్సరం 40,000 ఇవ్వలేము, లెక్క నా చేతిలోనే ఉంది. బిందెలకు అయ్యే ఖర్చుతో రెండు కొలతల్లో బూట్లు కొని, గెలుపోటములతో పనిలేకుండా నాలుగు జట్లకూ పంచవచ్చునని ఆదివారం కమిటీ ముందు పెడతాను. ఆడపిల్లల ఫైనల్ నాలుగింటికి, మగపిల్లలది ఐదున్నరకు అని కూడా అడుగుతాను. దీనికి మాత్రం గొడవ తప్పదు, ఎందుకంటే మా మైదానంలో దీపాలు లేవు, దసరా నాటికి ఐదున్నరకే చీకటి పడుతుంది. బరంపురం అన్నయ్యా, ఒక్క సాయంత్రానికి జనరేటరు, నాలుగు దీపాలు మీ బ్యానరుతో పెట్టించగలరా?